రాగా, ఇత్తడా, కంచా? రోమన్ నాణేన్ని గుర్తుపట్టే పద్ధతి

రోమన్ నాణెం మీద ఉండని సంగతి లేదు. చక్రవర్తి పేరు, ఆయన్ని దత్తత తీసుకున్న తండ్రి పేరు, ఎన్నిసార్లు కాన్సుల్ (రోమ్ ప్రభుత్వంలో అన్నిటికంటే పెద్ద పదవి) అయ్యాడు, ఎవరి మీద గెలిచాడు, ఏ దేవత ఆయన పక్షాన ఉంది... అంతా చోటు చాలనట్టు ఇరికించి చెక్కుతారు. ఒక్కటి మాత్రం రాయరు, ఇది ఎంత నాణెం అన్నది. రోమ్‌లో అంగడికి వెళ్లిన మనిషికి ఆ అంకె అక్కర్లేదు. పసుపుపచ్చగా మెరిస్తే ఇత్తడి, ఎర్రగా ఉంటే రాగి, ఆ రంగూ సైజూ చూస్తే విలువ తెలిసిపోయేది. ఇప్పుడు ఆ నాణేలు దాదాపు రెండు వేల ఏళ్లు మట్టిలో ఉండి మన చేతికొస్తున్నాయి. ఇత్తడీ రాగీ రెండూ ఒకటే గోధుమ రంగుకో, ఒకటే ఆకుపచ్చకో తిరిగిపోయి ఉంటాయి. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు పడే తిప్పల్లో సగం ఇక్కడివే. రోమన్లు కంటితో చదివిన విలువని మనం వేరే ఆనవాళ్లతో తిరిగి పట్టుకోవాలి. అందుకే నా సలహా ఏంటంటే, చేతికి రాగానే “ఇది ఏ చక్రవర్తి?” అని అడగొద్దు. “ఇది ఏ లోహం, ఎంత బరువు, ఎంత వెడల్పు?” అని అడగండి. మొహం సంగతి తర్వాత.

కేటలాగుల్లో ఇలాంటి నాణేలకి ‘ఏ.ఈ.’ అని రెండక్షరాలు పెడతారు. రాగి కుటుంబంలోని లోహం ఏదైనా సరే అని దానర్థం. అది తెలివైన తప్పించుకోలు. అమ్మేవాళ్లేమో అన్నింటికీ “రోమన్ బ్రాంజ్” అని రాసి పారేస్తారు. నిజానికి మొదటి రెండు శతాబ్దాల్లో రోమ్ టంకశాల కొట్టిన ఈ “బ్రాంజ్” నాణేల్లో చాలావాటికి కంచుతో సంబంధమే లేదు. పెద్దవి ఇత్తడి, చిన్నవి దాదాపు స్వచ్ఛమైన రాగి. తగరం, సీసం కలిసిన కంచు నాణేలు ఎక్కువగా తూర్పు నగరాల సొంత టంకశాలల్లోనూ, ఆ తర్వాతి శతాబ్దాల్లోనూ కనిపిస్తాయి.

ఈ ఏర్పాటు తొలి చక్రవర్తి అగస్టస్ చేసింది, క్రీ.పూ. 23 ప్రాంతంలో. ఒక బంగారు ఔరియస్‌కి 25 వెండి డినేరియస్‌లు. ఒక డినేరియస్‌కి 4 సెస్టర్షియస్‌లు, లేదా 8 డుపోండియస్‌లు, లేదా 16 ఆస్‌లు, లేదా 64 క్వాడ్రాన్స్‌లు. సెస్టర్షియస్, డుపోండియస్ ఇత్తడి. ఆస్, క్వాడ్రాన్స్ రాగి. సెస్టర్షియస్‌ని గుర్తుపట్టడానికి ఏ చదువూ అక్కర్లేదు. 32 నుంచి 35 మిల్లీమీటర్ల వెడల్పు, 25 గ్రాముల పైచిలుకు బరువు, అరచేతిలో పెట్టుకుంటే నిండుగా ఉంటుంది. క్వాడ్రాన్స్ 3 గ్రాముల చిన్న బిళ్ల, దాని మీద చాలాసార్లు చక్రవర్తి మొహం కూడా ఉండదు. తంటా అంతా మధ్యలో ఉన్న రెండింటితోనే. డుపోండియస్ 12, 13 గ్రాములు, ఆస్ 10, 11 గ్రాములు, వెడల్పు రెండూ కాస్త అటూ ఇటూగా 27 మిల్లీమీటర్లు. చేతులు మారి మారి అరిగిన డుపోండియస్, అరగని ఆస్ కంటే తేలిగ్గా ఉండొచ్చు. విలువ మాత్రం దానికి రెట్టింపు.

దాదాపు ఒకే సైజు నాణేనికి రెట్టింపు విలువ ఎలా ఒప్పుకున్నారు అంటే, ఇత్తడిని రాగి కంటే గొప్ప లోహంగా చూసేవాళ్లు కాబట్టి. దాన్ని చేయడమూ తేలిక కాదు. రాగి కరగడానికి 1085 డిగ్రీల సెల్సియస్ కావాలి, జింకు 907 డిగ్రీలకే ఆవిరైపోతుంది. రోమన్లకి జింకు విడి లోహంగా చేతికి చిక్కలేదు. జింకు ఖనిజాన్నీ బొగ్గునీ రాగి ముక్కలతో కలిపి మూసలో పెట్టి, పైన బిగించి కాల్చేవాళ్లు. లోపల పుట్టిన జింకు ఆవిరి బయటికి పోలేక రాగిలోకి ఇంకేది. ఏ గని రాగి ఈ ఖనిజాన్ని బాగా పీలుస్తుందో మొదటి శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ రాసిపెట్టాడు కూడా. స్పెయిన్‌లోని కార్డొబా ప్రాంతపు రాగి సెస్టర్షియస్‌లకీ డుపోండియస్‌లకీ పనికొస్తుందనీ, ఆస్‌లకి సైప్రస్ రాగితో సరిపెడతారనీ.

ఈ పద్ధతికి ఒక బలహీనత ఉంది. పాత ఇత్తడిని కరిగించి మళ్లీ పోసిన ప్రతిసారీ కొంత జింకు ఆవిరై పోతుంది. కొత్త ఇత్తడి చేయకుండా పాత నాణేలనే కరిగిస్తూ పోతే రంగు దిగుతూ వస్తుంది. జరిగింది అదే. అగస్టస్ కాలపు సెస్టర్షియస్‌లో ఐదో వంతుకి పైగా జింకు ఉండేది. రెండో శతాబ్దం చివరికి అది సగానికి బాగా కిందికి పడిపోయింది, తగరం, సీసం వచ్చి చేరాయి. మూడో శతాబ్దం మధ్యకొచ్చేసరికి ఇత్తడి అన్నది పేరుకే. కాబట్టి “పసుపు మెరుపు కనబడటం లేదు, అంటే సెస్టర్షియస్ కాదు” అనే వాదం మొదటి శతాబ్దపు నీరో నాణేనికి చెల్లుతుందేమో గానీ మూడో శతాబ్దం మధ్యలో ఏలిన మూడో గోర్డియన్ నాణేనికి చెల్లదు.

మరి చిలుము కింద ఉన్న లోహాన్ని ఎలా చూడాలి? నాణెంలో ఎత్తుగా ఉండి ముందుగా అరిగే చోట్లు చూడండి. చెంప ఎముక, చెవి మీది జుట్టు, బొరుసు వైపు దేవత మోకాలు, అంచు. అక్కడ చిలుము పల్చబడి లోహం తొంగిచూస్తుంది. పగటి వెలుతురులో, లూప్ అనే చిన్న భూతద్దం పెట్టి, నాణేన్ని కొంచెం వాల్చి చూస్తే పసుపు ఛాయో ఎరుపు ఛాయో తెలిసిపోతుంది. ట్యూబ్‌లైటు కింద చూస్తే మాత్రం అన్నీ ఒకేలా కనబడతాయి. అంతకు మించి ముందుకి పోవద్దు. మనింట్లో ఇత్తడి బిందెని చింతపండు పెట్టి తోమితే బంగారంలా మెరుస్తుంది చూడండి, సరిగ్గా ఆ పనే ఈ నాణేలకి చేయకూడదు. చింతపండు, నిమ్మకాయ, వెనిగర్ అన్నీ పులుపే, ఆమ్లమే. రెండు వేల ఏళ్లలో కట్టిన పొరలోనే అక్షరాల అంచులు నిలిచి ఉంటాయి, పొర ఊడితే వాటితో పాటు అవీ పోతాయి. మిగిలేది మెరిసే గుండ్రటి ముక్క, దాన్ని నాణేలు సేకరించేవాళ్లెవరూ తీసుకోరు. మట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, మెత్తని బ్రష్‌తో ఓపిగ్గా తుడవండి చాలు. లేత పచ్చ రంగులో గోటికి పొడిగా రాలే మచ్చలు కనబడితే మాత్రం అది మామూలు చిలుము కాదు, క్లోరైడ్ పట్టి లోపల్నుంచి తినేస్తోందన్నమాట. తేమ తగలకుండా విడిగా దాచాలి. పెట్టెలో మిగతావాటితో కలిపి పెట్టొద్దు.

ఇక బొమ్మ వైపు. డుపోండియస్‌నీ ఆస్‌నీ విడదీయడానికి అందరూ చెప్పే సూత్రం ఒకటుంది. తల మీద సూర్యకిరణాల్లాంటి ముళ్ల కిరీటం ఉంటే డుపోండియస్, లారెల్ ఆకుల దండ ఉంటే ఆస్. ఇది నీరో కాలంలో, క్రీ.శ. 64 ప్రాంతంలో మొదలై తర్వాత బాగా స్థిరపడింది. మంచి సూత్రమే గానీ, కళ్లు మూసుకుని నమ్మితే మూడు చోట్ల దెబ్బతింటారు.

మొదటిది, చనిపోయి దేవుడైన అగస్టస్. తర్వాతి చక్రవర్తి టైబీరియస్ కాలంలో అగస్టస్ పేరు మీద కొట్టిన నాణేలు చాలా దొరుకుతాయి. తల మీద కిరణాల కిరీటం, వెనక ఒక బలిపీఠం, కింద ‘ప్రొవిడెంట్’ అన్న మాట. ఇవి రాగి ఆస్‌లు. అక్కడ కిరీటం దైవత్వానికి గుర్తు, విలువకి కాదు, ఎందుకంటే ఆ సూత్రం అప్పటికింకా పుట్టనే లేదు. రెండోది, రాణులు. ఫౌస్టీనా, లూసిల్లా లాంటివాళ్లకి కిరణాల కిరీటం పెట్టరు. కాబట్టి వాళ్ల మధ్య సైజు నాణెం డుపోండియసా, ఆసా అన్నది లోహం బయటపడితే తప్ప చెప్పలేం. కేటలాగుల్లో కూడా “డుపోండియస్ లేదా ఆస్” అని రాసి వదిలేస్తారు, మీరూ అలాగే రాసుకోండి, తప్పేం లేదు. మూడోది నీరోయే. ఆయన కొంతకాలం ఆస్‌నీ, దాంట్లో సగమైన సెమిస్‌నీ కూడా ఇత్తడితోనే కొట్టించాడు. రంగుతో విలువ తెలిసే దారి మూసుకుపోయింది కదా, అందుకని కొన్నింటి మీద విలువే చెక్కించాడు. డుపోండియస్ మీద రెండు గీతలు, ఆస్ మీద ఒక గీత, సెమిస్ మీద ‘ఎస్’ అక్షరం. విలువ తెలియడానికి రంగు ఎంత అవసరమో ఇంతకంటే గట్టి సాక్ష్యం నాకు కనబడలేదు. నీరో నాణెం చేతిలో ఉంటే ఇంకొకటి కూడా చూడండి. మెడ కింద, బొమ్మ చివరి కొసన, చిన్న గుండు లాంటిది ఉందంటే అది రోమ్‌ది కాదు, ఫ్రాన్స్‌లోని లియాన్ టంకశాలది.

బొరుసు వైపు పెద్దగా ‘ఎస్.సి.’ అని రెండక్షరాలు కనిపిస్తే సంతోషించొచ్చు. సెనేట్ తీర్మానం మేరకు అని దాని భావం, మొదటి రెండున్నర శతాబ్దాల ఇత్తడి, రాగి నాణేల మీద ఇది దాదాపు ముద్రలాగా ఉంటుంది. వెండి, బంగారాల మీద ఆ కాలంలో అరుదు. కానీ బొరుసు అంతా ఆ రెండక్షరాలే ఉండి చుట్టూ ఆకుల దండ ఉంటే ఆగండి. అది సిరియాలోని ఆంటియోక్‌లో కొట్టిన స్థానిక నాణెం కావడానికే ఎక్కువ అవకాశం. బొమ్మ వైపు గ్రీకు అక్షరాలుంటే ఇక అనుమానమే లేదు. అలాంటివాటికి కేటలాగులే వేరు, రోమ్ నాణేల్లో వెతుక్కుంటూ కూర్చుంటే దొరకవు.

అక్షరాలు చదవడం అనగానే చాలామందికి టెన్షన్. లాటిన్ రావాల్సిన పనేమీ లేదు, ఓ ఇరవై ముప్ఫై పొడి అక్షరాలు తెలిస్తే చాలు. ఒక సెస్టర్షియస్ తీసుకుందాం. గడ్డం లేని మొహం, నుదుటి మీదికి దువ్విన జుట్టు, లారెల్ దండ. రాత ఎడమవైపు కింద, గడియారంలో ఏడు ఉండే చోట మొదలై పైనుంచి కుడివైపుకి తిరుగుతుంది. పదాల మధ్య ఖాళీలు ఒక్కోసారి ఉండవు, ‘యు’ రాయాల్సిన చోటల్లా ‘వి’ ఉంటుంది. విడదీసి చదివితే ఇలా వస్తుంది: “ఇంప్ – కేస్ – నెర్వే – ట్రయానో – ఆగ్ – గెర్ – డాక్ – పి.ఎం. – టి.ఆర్.పి. – కాస్ 5 – పి.పి.”

మొదటి రెండూ ఇంపరేటర్, సీజర్. ఎవరి నాణెం మీదైనా ఉంటాయి కాబట్టి వాటితో మనకి పని లేదు. నెర్వా అన్నది దత్తత తండ్రి పేరు. ట్రయానో అంటే ట్రాజన్‌కి, నాణెం ఆయనకి సమర్పణ అన్నట్టు. ఆగ్ అంటే ఆగస్టస్, చక్రవర్తి. గెర్, జర్మన్ల మీద గెలిచినందుకు వచ్చిన బిరుదు. డాక్, డేసియా (ఇప్పటి రొమేనియా ప్రాంతం) మీద గెలిచినందుకు, ఇది 102 చివర్లో వచ్చింది. పి.ఎం. ప్రధాన పూజారి. చివరి పి.పి. అంటే దేశపిత. టి.ఆర్.పి. అంటే ట్రిబ్యూన్ (ప్రజల పక్షాన నిలిచే అధికారి) అధికారం. ఇది ఏటా కొత్తగా లెక్కపెట్టేది కాబట్టి పక్కన అంకె ఉంటే నాణెం ఏ ఏడాదిదో చెప్పేయొచ్చు, కానీ ఈ నాణెం మీద ఆ అంకె లేదు. పోనీ, కాన్సుల్ పదవి అయిదోసారి అని ఉంది కదా. ఆయన అయిదోసారి కాన్సుల్ అయింది 103లో, ఆరోసారి 112లో. అంటే ఈ నాణెం 103కీ 111కీ మధ్యది. తిరగేస్తే “ఎస్.పి.క్యూ.ఆర్. ఆప్టిమో ప్రిన్సిపి”, ఉత్తమ ప్రభువుకి సెనేటూ ప్రజలూ అని, కింద ఎస్.సి. చూశారుగా, మొహాన్ని ఆధారం చేసుకోకుండానే మనిషి, కాలం రెండూ తేలిపోయాయి.

ఇంత సాఫీగా జరగని కేసు ఒకటి చెప్పకపోతే అన్యాయం. ‘ఆంటొనైనస్’ అన్న పేరు. 138లో గద్దెనెక్కిన ఆంటొనైనస్ పయస్ పేరు అదే. ఆయన దత్తపుత్రుడు మార్కస్ ఆరీలియస్ నాణేల మీదా అదే. మనం కారకాల్లా అని పిలిచే మనిషి తన నాణేల మీద ఎక్కడా కారకాల్లా కాదు, ఆంటొనైనసే. 218లో వచ్చిన కుర్ర చక్రవర్తి ఎలగాబలస్ కూడా ఆంటొనైనసే. మంచివాళ్ల పేరు పెట్టుకుంటే మంచివాళ్లని అనుకుంటారని కాబోలు. వీళ్లని విడదీయడానికి పదాల వరుస చూడాలి. ‘ఆగ్’ ముందొచ్చి ‘పయస్’ తర్వాతొస్తే ఆంటొనైనస్ పయస్. ‘పయస్’ ముందొచ్చి ‘ఆగ్’ తర్వాతొస్తే కారకాల్లా గానీ ఎలగాబలస్ గానీ. వెనకాల ‘బ్రిట్’ అనో ‘జెర్మ్’ అనో ఉంటే కారకాల్లాయే. అసలు ‘పయస్’ మాటే లేకుండా ‘ఎం. ఆంటొనైనస్ ఆగ్’ అని ఉండి టి.ఆర్.పి. అంకె పదిహేను గానీ అంతకు పైన గానీ ఉంటే మార్కస్ ఆరీలియస్, ఎందుకంటే ఆయన చక్రవర్తి కావడానికి చాలా ముందునుంచే ఆ అధికారం ఆయనకి ఉంది. ఇక్కడ మొహం కూడా సాయపడుతుంది. కారకాల్లా పెద్దయ్యాక కనుబొమలు ముడేసి ఎవర్నో కొట్టబోతున్నట్టు ఉంటాడు, ఎలగాబలస్‌కి నూనూగు మీసాల వయసు. చిన్నప్పటి కారకాల్లాకీ ఎలగాబలస్‌కీ మధ్య మాత్రం అనుభవం ఉన్నవాళ్లు కూడా తడబడతారు.

మొహాల గురించి వచ్చింది కాబట్టి ఓ ముతక లెక్క. హేడ్రియన్ 117లో వచ్చేదాకా నిండు గడ్డం ఉన్న చక్రవర్తి లేడు (నీరోకి దవడ కింద కాస్త ఉంటుంది, అంతే). ఆయన తర్వాత దాదాపు రెండు వందల ఏళ్లు గడ్డాలదే రాజ్యం. కాన్‌స్టాంటైన్ మళ్లీ నున్నగా గీయించుకున్నాడు, 324 తర్వాత లారెల్ దండ బదులు రత్నాల పట్టీ కట్టడం మొదలైంది. నున్నటి మొహం, తల చుట్టూ పట్టీ, వెనక ముడి నుంచి వేలాడే రిబ్బన్లు, నాణెం చిన్నది, ఇవన్నీ కలిస్తే నాలుగో శతాబ్దం అని ధైర్యంగా చెప్పొచ్చు.

మూడో శతాబ్దంలో రంగు ఇంకోలా మోసం చేస్తుంది. 215లో కారకాల్లా ఒక కొత్త వెండి నాణెం తెచ్చాడు, ఈనాటి పరిశోధకులు దాన్ని ఆంటొనైనియానస్ అంటున్నారు. బరువు 5 గ్రాములు, వెండి దాదాపు సగం. ఇది రెండు డినేరియస్‌లతో సమానమని చెప్పడానికి చక్రవర్తి తల మీద కిరణాల కిరీటం, రాణి బొమ్మకైతే భుజాల వెనక నెలవంక. డుపోండియస్ అంటే రెండు ఆస్‌లు, ఇదీ రెండు. కిరీటం అంటే రెట్టింపు అన్నమాట. (249లో వచ్చిన డేసియస్ ఈ లెక్కని పూర్తిగా పాటించి, కిరణాల కిరీటంతో రెట్టింపు సెస్టర్షియస్‌లు కూడా కొట్టించాడు. చూడ్డానికి భలే ఉంటాయి.) ఆ తర్వాత యుద్ధాలు, ఖర్చులు, వెండికి కొరత. 268, 270 ప్రాంతానికి ఈ నాణెంలో వెండి వందకి రెండు మూడు పాళ్లకి దిగిపోయింది. పైన పల్చగా వెండి పూతలా కనబడేట్టు చేసి వదిలారు. ఆ పూత కూడా పోయాక ఈరోజు మన చేతికి వచ్చేది గోధుమ రంగు, 20 మిల్లీమీటర్ల నాణెం, తల మీద కిరణాల కిరీటం.

దీన్ని చూసి డుపోండియస్ అనుకోవడం కొత్తవాళ్లందరూ చేసేదే. తేల్చుకోవడం సులువు. బరువు 2 నుంచి 4 గ్రాములుండి ఎస్.సి. అక్షరాలు లేకపోతే ఆంటొనైనియానస్. నాణెం అంచు గతుకులుగా, బొమ్మ పక్కకి జరిగి, కిరీటం ముళ్లు పిల్లలు గీసినట్టు, అక్షరాలు అక్షరాల్లా కాకుండా గీతల్లా ఉంటే, అది గాల్ (ఇప్పటి ఫ్రాన్స్), బ్రిటన్ ప్రాంతాల్లో 270ల్లో స్థానికంగా ఎవరో కొట్టుకున్న నకలు. అప్పుడు గాల్‌లో విడిగా ఏలిన టెట్రికస్ పేరు మీద ఇవి లెక్కలేనన్ని. ఆ కాలపు నకళ్లే కాబట్టి వాటికీ కొనేవాళ్లున్నారు, నాకైతే అసలువాటి కంటే ఇవే సరదాగా అనిపిస్తాయి. 274లో ఆరీలియన్ అనే చక్రవర్తి తెచ్చిన సంస్కరణ తర్వాత నాణేల అడుగున ‘ఎక్స్.ఎక్స్.ఐ.’ అని కనిపిస్తుంది, ఇరవై పాళ్ల రాగికి ఒక పాలు వెండి అని ఎక్కువమంది ఒప్పుకునే అర్థం.

నాలుగో శతాబ్దానికి వస్తే పద్ధతి తిరగేయాలి, బొరుసుతో మొదలుపెట్టాలి. 294 ప్రాంతంలో డయోక్లీషియన్ తెచ్చిన పెద్ద నాణెం 10 గ్రాములు, రోమ్ ప్రజల రక్షక దేవత బొమ్మతో దర్జాగా ఉంటుంది. తర్వాత ఇరవై ముప్ఫై ఏళ్లలోనే చిక్కి సగమై, పావై పోయింది. ఆనాటి పేర్లు, విలువలు మనకి సరిగ్గా అందలేదు కాబట్టి కేటలాగులు సైజుతోనే సరిపెట్టాయి. 25 మిల్లీమీటర్లు దాటితే ఏ.ఈ.1, 21 నుంచి 25 అయితే 2, 17 నుంచి 21 అయితే 3, అంతకన్నా చిన్నదైతే 4. మార్కెట్లో తులాల లెక్కన గుట్టగా అమ్మే శుభ్రం చేయని నాణేల్లో ఎక్కువ భాగం ఈ మూడూ నాలుగూ రకాలే.

వీటిలో మొహాలన్నీ ఒకే అచ్చు, కానీ బొరుసు బొమ్మలు కాలానికి కట్టుబడి ఉంటాయి. ఇద్దరు సైనికులు, మధ్యలో రెండు జెండా కర్రలు ఉంటే 330 నుంచి 335. అదే ఇద్దరు సైనికులు, మధ్యలో ఒకటే కర్ర ఉంటే 335 తర్వాతది, నాణెం కూడా ఇంకాస్త చిన్నది. కవల పిల్లలకి పాలిస్తున్న తోడేలు ఉంటే రోమ్ నగరం పేరు మీద, పడవ ముక్కు మీద నిలబడ్డ విజయదేవత ఉంటే కాన్‌స్టాంటినోపుల్ పేరు మీద, రెండూ 330లో మొదలయ్యాయి. పడిపోతున్న గుర్రపు రౌతుని సైనికుడు ఈటెతో పొడుస్తుంటే 348 తర్వాత. ఖైదీని జుట్టు పట్టి ఈడుస్తున్నది చక్రవర్తి అయితే 364లో మొదలైన వాలెంటీనియన్, వాలెన్స్‌ల కాలం, విజయదేవత అయితే, నాణెం 13 మిల్లీమీటర్లే అయితే, 383 తర్వాత. అక్షరం ఒక్కటి కూడా మిగలకపోయినా ఇవి చెప్పగలం. అక్షరాలు మిగిలితే ఇంకో చిక్కు, కాన్‌స్టాంటైన్ ఇంట్లో పేర్లన్నీ ఒకదానికొకటి కవలలు. తండ్రీ, ఒక కొడుకూ ‘కాన్‌స్టాంటినస్’, ఇంకో కొడుకు ‘కాన్‌స్టాంటియస్’, తేడా ఒక్క ‘ఎన్’ అక్షరం. పేరు వెనక ‘మాక్స్ ఆగ్’ ఉంటే తండ్రి, ‘ఐయున్ నాబ్ సి’ ఉంటే అదే పేరున్న కొడుకు.

అడుగున గీత కింద ఉండే చిన్న అక్షరాలు టంకశాలవి. ‘టి.ఆర్.’ జర్మనీలోని ట్రియర్, ‘ఎస్.ఐ.ఎస్.’ ఇప్పటి క్రొయేషియాలోని సిసాక్, ‘ఏ.ఎల్.ఈ.’ అలెగ్జాండ్రియా, ‘ఎల్.ఎన్.’ లండన్ (అది 325లో మూతపడింది). ముందో వెనకో ఉండే ఒక్క అక్షరం ఏ షెడ్డులో కొట్టారో చెబుతుంది. ఇక్కడా ఒక గుంట ఉంది. ‘కాన్‌స్’ అని చూడగానే కాన్‌స్టాంటినోపుల్ అనేస్తారు. ఫ్రాన్స్‌లోని ఆర్ల్ నగరానికి కూడా కొంతకాలం చక్రవర్తి ఇంటి పేరే పెట్టారు, దాని గుర్తు ‘కాన్‌స్ట్’. ముందు లాటిన్ ‘పి’ గానీ ‘ఎస్’ గానీ ఉంటే ఆర్ల్, చివర గ్రీకు లెక్కల అక్షరం ఉంటే కాన్‌స్టాంటినోపుల్.

నకిలీల సంగతి ఎక్కువ చెప్పను, చూసీ చూసీ రావాల్సిందే. అయస్కాంతానికి అంటుకుంటే పక్కన పడేయండి. అంచు చుట్టూ అతుకు గీత, ఉపరితలం మీద సన్నటి బుడగల గుంటలు ఉంటే పోత పోసినది. పదహారో శతాబ్దంలో ఇటలీలోని పాడువాలో జొవానీ కవీనో అనే ఆయన సెస్టర్షియస్‌ల నమూనాలు ఎంత బాగా చేశాడంటే ఇప్పుడవి కూడా కలెక్షన్ వస్తువులే. వాటి పనితనం అసలువాటికంటే శుభ్రంగా ఉంటుంది, అదే వాటిని పట్టిస్తుంది. అంతకన్నా ఎక్కువగా ఎదురయ్యేది అసలు నాణేన్నే మళ్లీ చెక్కడం. జుట్టు పాయలు కత్తితో గీసినట్టుండి, చెంప మాత్రం అరిగి ఉంటే ఈమధ్య ఎవరో పదును పెట్టారని అనుమానించాలి.

ఇంతా చూసుకున్నాక అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ వాళ్ల ‘ఓక్రే’ అనే ఉచిత డేటాబేస్‌లోకి వెళ్లండి. ముందే వెళ్తే వేల బొమ్మల్లో మునిగిపోతారు. చక్రవర్తి, రకం, టంకశాల తెలిసి వెళ్తే పది బొమ్మల్లో తేలిపోతుంది. రాతలో చదవగలిగిన రెండు మూడు అక్షరాలు ఇచ్చినా వెతుకుతుంది.

మన దగ్గర ఇవి దొరుకుతాయా అని అడిగేవాళ్లున్నారు. తెలుగు నేల మీద బయటపడ్డ రోమన్ నాణేలు ఎక్కువగా వెండి, బంగారం. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో డినేరియస్‌ల కుప్ప, వినుకొండలో బంగారు నాణేలు అలాంటివే. భారతదేశం ఏటా 5 కోట్ల సెస్టర్షియస్‌లు లాగేస్తోందని ప్లినీ వాపోయాడు గానీ అది లెక్క కట్టే పద్ధతి, ఓడల్లో ఇత్తడి సెస్టర్షియస్‌లు పోసుకుని ఎవరూ రాలేదు. వచ్చినవి విలువైన లోహాలే. రాగి నాణేలు గుట్టలుగా దొరికేది తమిళనాడులో కరూర్, మదురై వైపు, ఇంకా శ్రీలంకలో. అవి కూడా చాలావరకు నాలుగు, అయిదు శతాబ్దాల ఏ.ఈ.3, ఏ.ఈ.4లు, శ్రీలంకలో వాటికి స్థానిక నకళ్లు కూడా ఉన్నాయి. అంత అరిగినవాటిలో ఇందాక చెప్పిన బొరుసు బొమ్మలే దిక్కు.

పొలంలోనో పునాదిలోనో మీకే ఏదైనా దొరికితే అది మీదైపోదు. 1878 నాటి నిక్షేపాల చట్టం ఇంకా అమల్లో ఉంది, పది రూపాయల విలువ దాటిన నిధి ఏదైనా జిల్లా కలెక్టర్‌కి తెలియజేయాలి. బయట దేశాల్లో ఉన్న మనవాళ్లు అక్కడ కొనుక్కుంటే ఆ దేశపు చట్టం చూసుకోవాలి. ఇక్కడి పాత నాణేలని అక్కడికి పట్టుకెళ్లడం మాత్రం కుదరదు, వందేళ్లు దాటిన వస్తువుకి 1972 నాటి పురావస్తువుల చట్టం అడ్డొస్తుంది. కొనేటప్పుడు కాగితం అడిగి తీసుకోండి, బరువూ వెడల్పూ రాసిన చీటీతో పాటు అది కూడా నాణెం పక్కనే పెట్టండి.